గోడ మీది ఆవిడ

ఆవిడ మా ఇంటి గోడెక్కిన రోజు సాయంత్రం మావారు ల్యాబ్ నుంచి వచ్చి, కోటైనా విప్పకుండా నిలబడి చూసి, "ఎవరీవిడ? జ్వరం తగిలినట్టుంది," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది గానీ ఆయనన్నదాంట్లో అబద్ధం లేదు. పాలిపోయిన మొహం, అరమూసిన కళ్ళు, ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టు కాస్త విడివడిన పెదవులు. నీలమో ఆకుపచ్చో తేల్చుకోలేని పొడుగాటి గౌను. ఒళ్ళో తెరిచిన పుస్తకం, అందులో ఒక్క అక్షరం లేదు. వెనక ఊదారంగు సాయంకాలంలో ఒక సరస్సు, ఒడ్డున తెల్లపూలు. జుట్టు చుట్టూ బంగారు చుక్కలు. అవి నక్షత్రాలో, దీపానికి ముసిరిన పురుగులో ఆ గీసినవాడికే తెలియాలి. కింద మూలన పెన్సిల్‌తో ఎవరిదో సంతకం ఉండేది, ఎంత తంటాలు పడ్డా చదవలేకపోయాను.

డెబ్బైల చివర మేం న్యూజెర్సీలో, పిస్కాటవేలో యూనివర్సిటీ దగ్గర ఒక ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్లో, పై వాటాలో ఉండేవాళ్ళం. మావారు మందుల కంపెనీలో కెమిస్టు. కింది వాటాలో ఒక ముసలావిడ ఉండేది. హైస్కూల్లో ఫ్రెంచ్ చెప్పి రిటైరైంది. మంచు పడ్డప్పుడు అది కరగడానికి ఆవిడ గుమ్మం ముందు నేను ఉప్పు చల్లేదాన్ని, ఆవిడ నాకు కాఫీ ఇచ్చి నా ఇంగ్లీషు సరిదిద్దేది. కూతురి దగ్గరికి ఫ్లోరిడా వెళ్ళిపోతూ, పింగాణీ సామాను కాగితాల్లో చుట్టడానికి నేను సాయం చేస్తుంటే, హాల్లోంచి ఈ బొమ్మని తీసి నా చేతుల్లో పెట్టింది. అక్కడి ఎండకి ఈ రంగులు బతకవు, నీ దగ్గర ఉంచుకో అంది.

అది చేత్తో రంగులు వేసిన బొమ్మ కాదనీ, లితోగ్రాఫ్ అనీ ఆవిడే చెప్పింది. నున్నటి రాతిపలక మీద జిడ్డు పెన్సిల్‌తో గీసి, ఒక్కో రంగుకీ ఒక్కో రాయి పెట్టి, ఒకే కాగితాన్ని అన్ని రాళ్ళ మీదా అచ్చొత్తుతారట. ఒక్క రాయి వెంట్రుకవాసి జరిగినా మొహం మీద రెండు మొహాలు పడతాయట. భర్త ఎప్పుడో ప్యారిస్‌లో కొన్నాడని చెప్పి, "ఈమె కవుల దగ్గరికి వచ్చే మనిషి. పిలిస్తే రాదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంచుకుని కూర్చోవాలి," అంది. నేను తెలుగు ఎమ్మే చదివాననీ, పెళ్ళికి ముందు నా కవితలు వారపత్రికల్లో వచ్చేవనీ ఆవిడకి చెప్పుకున్నాను. చెప్పుకోవడానికి ఆ దేశంలో నాకు ఇంకెవరున్నారు?

సోఫాకి ఎదురు గోడకి అప్పటికే ఒక మేకు ఉంది. దానికి మా సంఘం వాళ్ళిచ్చిన బైబిల్ వాక్యాల క్యాలెండరు వేలాడుతోంది. దాన్ని తీసి వంటింట్లో ఫ్రిజ్ పక్కన తగిలించి, ఆ మేక్కి ఈవిడని తగిలించాను. కోస్తాలో తాతల నాటి నుంచీ సంఘంలో ఉన్న కుటుంబం మాది. మా ఇళ్ళలో గోడల మీద వాక్యం ఉంటుంది, కుటుంబం ఫోటోలు ఉంటాయి, ఆడమనిషి బొమ్మ పెట్టుకోవడమన్నది లేదు.

మధ్యాహ్నాలు ఆవిడకి ఎదురుగా కూర్చుని కాగితాలు ముందేసుకునేదాన్ని. కింద ఇల్లు ఖాళీ, పైన నేను ఒక్కదాన్నే. నిజంగానే రాయగలిగాను. మూడేళ్ళుగా ఎండిపోయిందనుకున్నది మళ్ళీ ఊరింది. ఒకటి రెండుసార్లు పొయ్యి మీద పప్పు మాడింది. మావారు మాడిన పప్పు తిని ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది, నాకు ఆ గిల్టు ఉండేది కాదు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. పెళ్ళయి నాలుగేళ్ళయినా మాకు పిల్లల్లేరు. లేకపోవడం మేం అనుకుని చేసిన పనే. గ్రీన్‌కార్డు రానీ అని మావారు అన్నారు, సరే అన్నాను. ఆయన కారణం గ్రీన్‌కార్డు. నా కారణం ఆ మధ్యాహ్నాలు. బాత్రూంలో అద్దం వెనక అరలో, దగ్గు మందు వెనకాల నా మాత్రల డబ్బా ఉండేది. ఈ సంగతి ఇద్దరికే తెలుసనుకునేదాన్ని.

మా సంఘమంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే కొన్ని తెలుగు కుటుంబాలు. అప్పటికి మాకు గుడి లేదు, పాస్టరూ లేడు. శనివారం సాయంత్రాలు వంతులవారీగా ఒక్కొక్కరింట్లో ప్రార్థన. ఫర్నిచర్ గోడకి నెట్టి, కార్పెట్ మీద దుప్పట్లు పరిచి, జెరాక్స్ తీసిన పాటల పుస్తకాలు పట్టుకుని పాడేవాళ్ళం. పాటయ్యాక వాక్యం, వాక్యమయ్యాక దేవుడు తమకి చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాలు, సాక్ష్యాలయ్యాక పులిహోర, చికెన్ కూర. ఆ చివరి దాని కోసమే మొదటి మూడూ ఓర్చుకునే పిల్లలూ, మగాళ్ళూ కొందరుండేవారు. ప్రతివారం ఏదో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "ఏమ్మా, ఏమన్నా విశేషమా?" అని అడిగేది. ఏమీ లేదండీ అని తల దించుకునేదాన్ని. సిగ్గనుకునేవాళ్ళు.

మా వంతు వచ్చిన శనివారం పొద్దుటి నుంచీ వంటలోనే ఉన్నాను. దుప్పట్లు పరిచాను, చెప్పులు పెట్టడానికి తలుపు దగ్గర పాత పేపర్లు వేశాను. గోడ మీది ఆవిడని మాత్రం మర్చిపోయాను. ఇరవై మంది కూర్చుని పాట ఎత్తుకోబోతుండగా సంఘ పెద్ద కళ్ళజోడు సవరించుకుని పైకి చూశాడు. ఆయన వంతెనలు కట్టే ఇంజినీరు. దేన్ని చూసినా పగులెక్కడుందా అని చూసే అలవాటు.

"ఎవరమ్మా ఈవిడ? మరియమ్మ గారా? తల చుట్టూ ఆ వెలుగేంటి? మనం క్యాథలిక్స్‌మి కాదు గదమ్మా."

ఆయన పక్కనున్న ఒకావిడ, "కాదండీ, ఒళ్ళో పుస్తకం చూడండి. హిందువుల చదువుల తల్లి అమెరికన్ మోడల్లో," అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. మావారి మొహం చూశాను. సంఘంలో ఆయన అప్పుడప్పుడే వాక్యం చెప్పడం మొదలుపెట్టారు. తెల్లబోయి నావైపే చూస్తున్నారు.

కవుల దగ్గరికి వచ్చే దేవత అని నేను ఆ ఇరవై మందికీ ఎలా చెప్పను? నోటికేది వస్తే అది వచ్చేసింది.

"బిడ్డ కోసం దేవాలయంలో ప్రార్థన చేసిన ఆ తల్లండీ. చూడండి, గొంతు వినపడకుండా పెదవులు ఒక్కటే కదుపుతోంది."

బైబిల్ పాత నిబంధనలో ఆ తల్లి కథ అక్కడున్న చిన్నపిల్లలకి కూడా తెలుసు. పెదవులు కదలడం చూసి ఆమె తాగి ఉందనుకున్నాడు యాజకుడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తెచ్చుకున్న వాక్యం పక్కన పెట్టి, ఆ సాయంత్రమంతా ఆ తల్లి కన్నీళ్ళ గురించే చెప్పాడు. నా పాడు నోరు! చివర్న, "మన సిస్టర్ పైకి చెప్పుకోలేక గోడ మీద పెట్టుకుంది. మనకి అర్థం కాలేదు," అన్నాడు. ఆడవాళ్ళందరూ లేచి నా చుట్టూ చేరి తల మీద చేతులుంచారు. గర్భఫలం కోసం ఒకరి తర్వాత ఒకరు ఏడ్చి ప్రార్థించారు. అవతల గదిలో అద్దం వెనక మాత్రలు, ఇవతల నా తల మీద ఇన్ని చేతులు. తేలు కుట్టిన దొంగలా కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక మావారు గిన్నెలు తుడుస్తూ, "నువ్వు కథలు రాయాల్సింది, కవితలు కాదు," అన్నారు. నవ్వించాలని అన్నారు. ఇద్దరం నవ్వలేకపోయాం.

ఆ సాయంత్రం నా తల మీది చేతుల్లో ఒక చెయ్యి మిగతావాటికన్నా తేలిగ్గా, వెచ్చగా ఆనింది. ఆమె నర్సు. నర్సాపురం వైపు మనిషి, నాకన్నా పన్నెండేళ్ళు పెద్ద. అక్కా అనేదాన్ని. మూడు గర్భాలు నిలవలేదు. ఆస్పత్రిలో పురుళ్ళ వార్డులో నైట్ డ్యూటీ. ఎంతమంది పిల్లల్ని మొదట ఎత్తుకుందో లెక్కలేదు, ఎత్తుకున్న ప్రతి బిడ్డనీ ఎవరికో ఒకరికి ఇచ్చేసి ఇంటికి వచ్చేది.

తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం తలుపు తట్టింది. తెల్ల యూనిఫారం, తెల్ల బూట్లు. బూట్లు గుమ్మం దగ్గర విప్పి జతగా పెట్టింది.

"చెల్లీ, ఏవీ అనుకోకు. డ్యూటీ దిగి ఆస్పత్రిలోనే ఓ కునుకు తీసి వచ్చా. ఆ తల్లి ముందు కాసేపు కూకుంటా. ఇంట్లో కూకుంటే నిద్దరొచ్చేత్తంది."

వద్దని ఎలా అనను? బాత్రూంలో మొహం కడుక్కుని వచ్చి, తల మీద స్కార్ఫ్ కప్పుకుని, సోఫా ఎక్కకుండా కార్పెట్ మీదే కూర్చుంది. టీ పెట్టబోతే వద్దంది. ఉపవాసమంది. చాలాసేపు కూర్చుని, లేచి, కళ్ళు తుడుచుకుని, అప్పుడు నాతో ఒక మాట అంది.

"మా ఊళ్ళో సంఘంలో ఆడోళ్ళు జతలు కట్టుకునీవోరు. నా కోసం నేనడుక్కుంటే అది ఆశ. నీ కోసం నేనడిగితే అది ప్రార్ధన. నీకూ లేరు, నాకూ లేరు. శుక్రవారాలు నీ బిడ్డ కోసం నేనడుగుతా, నా బిడ్డ కోసం నువ్వడుగు. మనకోసం మనం ఒక్క ముక్క అడక్కూడదు. ఏం?"

"అలాగే అక్కా," అన్నాను. అంతకన్నా ఏమనగలను? ఒకసారి నోరు జారితే ఎంత దూరం జారుతుందో నాకప్పటికే తెలిసొచ్చింది.

అలా నా మధ్యాహ్నాల్లో శుక్రవారం పోయింది. మొదట్లో విసుగ్గా ఉండేది, ఒప్పుకుంటాను. ఆమె వచ్చే ముందు రెండు టోస్టులు గబగబా నమిలి, ముక్కలు సింకులో కడిగేసి, మూతి తుడుచుకుని తలుపు తీసేదాన్ని. ఆమె మాత్రం రాత్రంతా నిలబడి పనిచేసి, నీళ్ళు తప్ప ముట్టకుండా వచ్చేది. ఇద్దరం పక్కపక్కన కార్పెట్ మీద కూర్చునేవాళ్ళం. మా వాళ్ళు మామూలుగా ప్రార్థన గొంతెత్తి చేస్తారు. ఇక్కడ మాత్రం ఆ తల్లిలాగే చేద్దాం, పెదవులతోనే, అందామె. అదే నన్ను బతికించింది. పైకి ప్రార్థించమంటే రెండు వాక్యాల్లో దొరికిపోయేదాన్ని.

పెదవులు నావీ కదిలేవి. నేను పంక్తులు కట్టుకునేదాన్ని.

మొదట కావాలని చెయ్యలేదు. నిజంగానే ఆమె కోసం అడుగుదామని కళ్ళు మూసుకునేదాన్ని. రెండు మాటలు అనుకునేసరికి మూడోది ఇంకెక్కడి నుంచో వచ్చేది, దాని వెనక ఇంకోటి. ఆ నిశ్శబ్దం అలాంటిది. గది వేడిచేసే రేడియేటర్ చిటపటలు, బయట రోడ్డు మీద కార్ల చప్పుడు, పక్కన ఒక మనిషి పీలుస్తున్న ఊపిరి. ఆ ముసలావిడ చెప్పినట్టే ఉంది ఇల్లు. గోడ మీది ఆవిడ వేరే రోజుల్లో రానిది, శుక్రవారాలు తప్పకుండా వచ్చేది. అక్కని సాగనంపి తలుపు వెయ్యగానే పరుగెత్తి కాగితం మీద పెట్టేదాన్ని. ఆ చలికాలం రాసినంత బాగా నేను అంతకు ముందు రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు.

అందులో ఒకటి గుమ్మం దగ్గరి తెల్ల బూట్ల మీద. రాత్రంతా ఇతరుల పిల్లల మధ్య తిరిగి వచ్చి, ఖాళీ ఇంటి ముందు జతగా ఆగిపోయే బూట్ల మీద. విజయవాడ వారపత్రికకి పంపితే రెండు నెలలకి అచ్చయి వచ్చింది. ఆ పుస్తకం సంఘంలో చేతులు మారింది. "నా బూట్ల మీద పాట కట్టేవంట గదే!" అని ఆమె ఎంత మురిసిపోయిందో! ఎవరింటికెళ్ళినా చూపించింది. ఆ పంక్తులు కట్టిన మధ్యాహ్నం నేను ఆమె కోసం ప్రార్థించాల్సి ఉంది. ఆమె దుఃఖాన్ని దేవుడికి చేరవేయమని నాకిస్తే, నేను దారిలో విప్పి వాడుకున్నాను. మెచ్చుకుంటూ ఆమె నా బుగ్గ నిమిరినప్పుడు, ఆ చెయ్యి తీసేస్తే బాగుండునని నేను తల పక్కకి తిప్పుకున్నాను.

సంఘంలో ఎవరు అబద్ధం గురించి వాక్యం చెప్పినా నేను భుజాలు తడుముకునేదాన్ని. ఆమెకి చెప్పేయాలని చాలాసార్లు అనుకున్నాను. బొమ్మ ఆ తల్లిది కాదని చెబితే ఇన్ని శుక్రవారాలూ ఎవరి ముందు కూర్చున్నట్టు? మాత్రల సంగతి చెబితే ఇన్నాళ్ళూ ఆకలితో ఎవరి కోసం అడిగినట్టు? ఆమె మొహం ఊహించుకుని నోరు మూసుకునేదాన్ని. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఎదుటివాళ్ళ మీద దయ అడ్డమొచ్చిందని నన్ను నేను సమర్థించుకునేదాన్ని. భయమని అనడం కన్నా దయ అనడం బాగుంటుంది కదా.

ఆ చలికాలం చివర మాత్రల డబ్బా ఖాళీ అయింది. మళ్ళీ తెచ్చుకోలేదు. ఎందుకు తెచ్చుకోలేదో ఈ రోజుకీ నాకు సరిగ్గా తెలియదు. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు. మావారు అడగలేదు, నేను చెప్పలేదు. ఆమె రోజూ ఎత్తుకునే పిల్లల కబుర్లు వినీ వినీ ఏమైనా కదిలిందేమో. ఒక శుక్రవారం టోస్టు వాసనకి కడుపులో తిప్పింది. ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది. బాత్రూంలోకి పరుగెత్తి వచ్చిన నన్ను చూసి, అడగకుండానే అర్థం చేసుకుంది. పురుళ్ళ వార్డు నర్సుకి చెప్పాలా? బూట్లు కూడా విప్పకుండా కార్పెట్ మీదికి వచ్చి నన్ను గట్టిగా కౌగలించుకుంది. ఆమె బూట్లతో మా ఇంట్లో అడుగుపెట్టడం అదొక్కసారే.

మా వంతు మళ్ళీ వచ్చిన శనివారం ఆమె లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. నా గురించి నేను చెప్పాల్సిన సాక్ష్యం, నేను లేవకుండా కూర్చుంటే, ఆమె చెప్పింది. దేవుడు తన ప్రార్థన ఆలకించాడని, తన కడుపే పండినంత సంతోషంగా. అందరూ ఆమేన్ అన్నారు. పెద్దాయన గోడవైపు చెయ్యి చూపించి దేవునికి స్తోత్రం చెప్పాడు. ఎవరికీ ఆ క్షణంలో, మరి ఈమె కోసం అడిగింది ఎవరు, ఏమైంది అన్న ప్రశ్న తట్టలేదు. నాకు తట్టింది.

పాప పుట్టింది. అక్క డ్యూటీలో ఉండగానే పుట్టింది. బిడ్డని మొదట ఎత్తుకున్నది ఆమే. శుభ్రం చేసి, గుడ్డలో చుట్టి, నా పక్కన పడుకోబెట్టేముందు ఒక్క క్షణం ఎక్కువ పట్టుకుందేమో అనిపించింది. అది నా ఊహ కావచ్చు.

పాపతో శుక్రవారాలు సాగలేదు. ఆమె వచ్చినా పాపని ఒళ్ళో వేసుకుని ఆడించేది. కాగితాలు నేను ముట్టుకోలేదు. గోడ మీది ఆవిడ అలాగే అరమూసిన కళ్ళతో ఉంది, కింద ఉతికిన గుడ్డలు ఆరేసి ఉండేవి. పాప ఏడో నెలలో ఉండగా అక్క భర్తకి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందురోజు, బుధవారం, ఆమె వచ్చి బొమ్మ అడిగింది.

"నీ వంతు అయిపోయింది గదే. నేను పట్టుకుపోనా? అక్కడ మనోళ్ళెవరూ లేరు. ఒక్కదాన్నీ కూకోవాల."

పాప లోపల నిద్రపోతోంది. బొమ్మని మేకు మీది నుంచి దింపి, సోఫాకి ఆనించాను. దుప్పట్లో చుడుతూ చుడుతూ ఆగిపోయాను. ఇంక ఆమెని ఆ అబద్ధంతో అంత దూరం పంపలేకపోయాను.

"అక్కా, ఈవిడ ఆ తల్లి కాదు. ఆ రోజు అందరి ముందూ నోటికొచ్చింది చెప్పాను. ఈవిడెవరో కవుల దగ్గరికి వచ్చే దేవతట. కింద ముసలావిడ ఇచ్చింది. నిన్ను ఇన్నాళ్ళూ మోసం చేశాను."

ఆమె నవ్వింది. పళ్ళు కనపడేలా, నిజంగా నవ్వింది.

"పిచ్చి మొహమా! నేను బొమ్మకి మొక్కేనా? ఇది లేపోతే గోడకేసి కూకునీదాన్ని. ఎవరైతేనేంటి, మంచి నిశ్శబ్దమైన మనిషి. డ్యూటీలో ఎప్పుడూ అరుపులే గదా, ఈవిడ మొగం చూత్తే చెవులు సల్లబడీవి."

ఇంత కాలం నన్ను కాల్చుకు తిన్నది ఆమెకి ఏమీ కాకుండా పోయింది. ఆ ఊపులో రెండోదీ చెప్పేశాను. మాత్రలు అన్నానో లేదో, ఆమె దుప్పటి కొస ముడివేస్తూ, తల ఎత్తకుండా అంది:

"తెలుసే. మొదటి శుక్రవారమే చూశా. మొగం కడుక్కున్నాక తలనెప్పి బిళ్ళ ఉందేమోనని అర తీశా. నర్సుని, ఆ డబ్బా గుర్తుపట్టనా?"

"మరి తెలిసీ ఎందుకక్కా? తిండి మానేసి మరీ నా కోసం..."

"నీకు వద్దని తెలిసే గదా! నువ్వెలాగూ అడగవు. ఒకళ్ళడగాల గదా నీ తరపున. బిడ్డనిమ్మని కాదు నేనడిగింది, నీకు కావాలనిపించేలా చెయ్యమని."

నాకు ఖాళీ అయిన డబ్బా గుర్తొచ్చింది. నేను తెచ్చుకోని డబ్బా. దేవుడు విన్నాడో, నేనే విన్నానో, నాకు తెలియదు. ఆమె అడిగిన దానికి మాత్రం అడిగినట్టే జరిగింది.

ఆమె బొమ్మని చంకలో పెట్టుకుంది. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుని, లేసులు కట్టుకోవడానికి వంగి, లేచి, నావైపు చూసింది. మొహంలో అప్పటిదాకా ఉన్న నవ్వు లేదు. మొదటిసారి ఆమె నన్ను బతిమాలుతున్నట్టు అడిగింది.

"నువ్వు నా కోసం అడిగేవు గదే, శుక్రవారాలు? నేను మాటిచ్చేను గదా, నాకోసం నేను ఒక్కసారీ అడగలేదు. నువ్వడుగుతున్నావని ధైర్యంగా ఉండీదాన్ని."

చెప్పాల్సినవన్నీ చెప్పేశాననుకున్నాను. అసలుది మిగిలే ఉంది. ఆమె కోసం ఇన్నాళ్ళలో ఎవ్వరూ అడగలేదు. తను అడగలేదు, మాటిచ్చింది కనక. నేను అడగలేదు, పంక్తులు వచ్చాయి కనక. ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. అప్పటికి ఆమెకి నలభై దాటాయి.

"అడిగాను అక్కా. ప్రతి శుక్రవారం అడిగాను."

"అంతే చాలే," అని నా తల నిమిరి మెట్లు దిగింది. కిటికీలోంచి చూశాను. దుప్పట్లో చుట్టిన బొమ్మని వెనక సీట్లో పడుకోబెట్టి, పడకుండా రెండు పక్కలా దిండ్లు పెట్టి, కారు ఎక్కింది.

తలుపు వేసి, పొయ్యి మీది పాలు దింపి, కార్పెట్ మీద ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాను. ఎదురుగా మేకు, దాని కింద కాస్త తెల్లగా నలుచదరపు మచ్చ. తల మీద కొంగు వేసుకుని కళ్ళు మూసుకున్నాను. అక్కకి ఒక బిడ్డని, అని మొదలుపెట్టాను. తర్వాతి మాట రాలేదు. ఒక్క శుక్రవారం ఖాళీ లేకుండా మాటలు వచ్చిన చోట, ఆ బుధవారం ఒక్కటీ రాలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను, ఈసారి గొంతెత్తి, పైకి వినపడేలా.

ఆ చప్పుడుకి లోపల పాప లేచి ఏడ్చింది. సగంలో ఆపేసి, లేచి వెళ్ళాను.